వద్దన్న మాట విన్నవాడు

ముందు వినిపించింది ఒక ఇనుప చప్పుడు.

సూరత్ గోడాదరాలో ఆ సందుకు రెండు వైపులా షెడ్లే. కరెంటు మగ్గాలను ఇక్కడి తెలుగువాళ్ళు సాంచెలంటారు. వాటి మోతలో నడవడం వానలో నడవడం లాంటిది. కాసేపటికి తడుస్తున్నామన్న సంగతే మరచిపోతాం. ఆ వానను చీల్చుకుంటూ ఠంగ్, ఠంగ్ అని ఎవరో రైలు పట్టా ముక్కను కొడుతున్నారు. కొట్టే చేతికి ఎవరిమీదో కోపం ఉన్నట్టుంది. షెడ్ల తలుపుల్లోంచి దారపు నూగు అంటిన తలలు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి.

"అన్నమైంది! వస్తే రాండ్రి, లేకుంటే కుక్కలకు పెడ్త!"

ఆ గొంతు వెనకాల మనిషి కనిపించాడు. నిలువెత్తు మనిషి, తెల్లబడుతున్న మీసం, భుజం మీద తువ్వాలు. ఎవరైనా మాట్లాడితే తలను కాస్త కుడివైపు వంచి, ఎడమ చెవిని ముందుకు తెస్తాడు. పిట్ట నీళ్ళు తాగే ముందు తల వంచినట్టు. పేరు సదానందం. సైన్యంలో హవల్దారుగా పనిచేసి, పింఛనుతో బయటికి వచ్చి, ఈ సందులో సాంచెల పనివాళ్ళకు మెస్సు నడుపుతున్నాడు. వంట భార్య వినోదది. అరుపులు ఆయనవి.

నేను వెళ్ళిన రోజు ఆ ఇంట్లో మబ్బు పట్టి ఉంది. సాయంత్రంలోపు ఆయన ఒక ఫోనుకు జవాబు చెప్పాలి.

ఫోను చేయబోయేది ఒకప్పటి ఆయన మేజరు. ఇప్పుడు కల్నలుగా రిటైరయ్యాడు. పాత పటాలం తన చరిత్రను పుస్తకంగా వేసుకుంటోంది. అందులో సదానందానికి ఒక పేజీ. పుస్తకం విడుదల రోజు అందరి ముందూ వేదిక మీద శాలువా, పక్కన కుర్చీలో వినోద. ఆ పేజీలో ఒక్క వాక్యానికి ఆయన ఒప్పుకోవాలి. వైర్‌లెస్ పనిచేయక, వెనక్కి రమ్మన్న ఆజ్ఞ చెవిన పడక, శత్రువు కాల్పుల మధ్య ఆయన కొండెక్కాడని ఆ వాక్యం.

"చెవిన పడలేదంటే ఏం పోతది?" అంటోంది వినోద, గిన్నెలోకి పచ్చిపులుసు వంచుతూ. "చెప్పు సారూ నువ్వన్న. ఆ ఒక్క ముక్క ఒప్పుకుంటే ఈయన మీసాలు ఊడిపోతయా?"

"ఊడిపోతయి," అన్నాడు సదానందం.

"ఊడనీ. ఎట్లనో సగం తెల్లగైనయి."

కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. తినేవాళ్ళ పళ్ళేల మధ్య తిరుగుతూ, ఎవరికి అన్నం తక్కువైందో అడగకుండానే చూసి వడ్డిస్తూ, మధ్యమధ్యలో ఆగి నాకు ఆ కొండ కథ చెప్పాడు. కథ చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఊరుకోలేదు. అవీ మాట్లాడాయి.

ఆ చేతుల భాష ఇదే సూరత్‌లోని భేస్తాన్‌లో పుట్టింది. తండ్రి రాజనర్సు సిరిసిల్ల పక్కనుంచి వచ్చి అక్కడ ఒక షెడ్డులో సాంచెలు నడిపాడు. షెడ్డులో నోటిమాట ఎవరికీ వినపడదు. అందుకే అక్కడ అన్నీ సైగలే. చెయ్యి కిందికి జారిస్తే దారం తెగింది, ఆపు. వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే నడిపించు. పిడికిలి ఛాతీకి ఆనిస్తే, నా సాంచెలు నీ చేతుల్లో పెడుతున్నాను, చూసుకో.

ఆ చివరి సైగ మామూలుది కాదు. ఒకడు తిండికో మందుకో బయటికి పోతూ పక్కవాడికి తన సాంచెలు అప్పగిస్తే, పోయినవాడు తిరిగొచ్చేదాకా పక్కవాడు అక్కణ్ణుంచి కదలకూడదు. ఇల్లు కాలినా సరే. దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. షెడ్డులో మొదటిరోజే ఒంటికి అంటుకుంటుంది, నూగులాగా.

"నేను పుట్టినప్పుడు మా నాయిన రాలే," అన్నాడు సదానందం. "ఎవడో వాని సాంచెలు మా నాయినకు అప్పజెప్పి, కల్లు తాగి ఎక్కడనో పండుకున్నడు. అవుతల మా అవ్వ నొప్పులు పడుతున్నది. మనుషులు ఉరికొచ్చి పిలిస్తే, మా నాయిన పిడికిలి ఛాతీకి పెట్టి చూపిచ్చిండట. గంతే. మా అవ్వ వెంకటవ్వ సచ్చేదాకా ఆ తాగుబోతును తిట్టింది. మా నాయినను మాత్రం ఒక్క మాట అనలే."

"నిన్ను గనుడే దండగని ఊకున్నదేమో," అంది వినోద.

కొన్నాళ్ళు ఆయన కూడా ఆ షెడ్డులోనే పనిచేశాడు. తర్వాత సైన్యంలో చేరాడు. ఏళ్ళు గడిచి, కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారయ్యాడు. పేరు పెద్దదే, పని సూటిగా ఉంటుంది. కొండ కొమ్మున కాపలా ఉన్న మనుషులకు బియ్యం, చక్కెర, మేజోళ్ళు, కిరోసిన్, తూటాలు, ఏది కావాలన్నా కింద ఉండి పైకి పంపాలి. తుపాకీ పట్టినవాళ్ళకు ఈ పని చిన్నచూపు. ఆయనను పిండి హవల్దారనేవాళ్ళు.

"ఓ పిండీ, నువ్వు పట్టింది తుపాకా, గరిటా?" అని ఎగతాళి చేసేవాడట నేగి. నేగి ఉత్తరాది కొండల పహాడీ మనిషి, అదే కంపెనీలో హవల్దారు, ఆయనకు బాగా దోస్తు.

"రేపు నీ పప్పుల ఉప్పెయ్య. ఎవని తుపాకీ పెద్దదో అప్పుడు తెలుస్తది," అని ఈయన జవాబు.

ఒక చలికాలం చివర సరిహద్దులో గుండ్లు పడడం మొదలైంది. నేగి తన జట్టుతో పైపోస్టుకు ఎక్కే రోజున, బూటు తాళ్ళు బిగించుకుంటూ, తలెత్తకుండా ఒక మాటన్నాడు: కింది సంగతి నువ్వు చూసుకో భాయ్. అని, చలికి వణికే పిడికిలిని ఛాతీకి అదుముకున్నాడు.

ప్రయాణమయ్యే మనిషి ఎవరైనా అనే మాటే అది. రైలెక్కుతూ ఇంటి ముందు మొక్కకు నీళ్ళు పొయ్యమన్నట్టు. పిడికిలి కూడా చలికే ముడుచుకుంది. కానీ భేస్తాన్ షెడ్డులో పెరిగినవాడికి ఆ మాటా ఆ పిడికిలీ ఒకేసారి ఎదురైతే అది ఇంకొకటి. సదానందం ఆ పూటే పైపోస్టుకు అందాల్సిన ప్రతిదాన్నీ తన మీద వేసుకున్నాడు. నేగి దిగి వచ్చేదాకా ఇక ఆ పని వదిలి కదలకూడదు.

కొన్ని రోజులకు ఒక గుండు వచ్చి పైపోస్టు కిరోసిన్ నిల్వ మీద పడింది. మనుషులు బతికారు, నూనె కాలిపోయింది. కొండంతా మంచే, తాగడానికి చుక్క లేదు. మంచు కరగాలంటే పొయ్యి వెలగాలి. పొయ్యికి నూనె లేదు. వైర్‌లెస్‌లో నేగి గొంతు గీరుకుపోయి వచ్చింది.

"మంచు నాకుతున్నం భాయ్. నాలుకలు పగిలినయి. ఒకని కాళ్ళు నల్లగైతున్నయి."

సదానందం మేజరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పొద్దున పొగమంచు ఉంటుంది, ఆ మాటున ఎక్కుతానన్నాడు. మేజరు సరేనన్నాడు. తెల్లారి కంచర గాడిదల వరుస కదిలింది. ఒక్కో దాని మీద కిరోసిన్ క్యాన్లు, పక్కన ఆ లోయ ఊళ్ళనుంచి వచ్చిన కూలీలు.

పొగమంచు ఆ రోజు పాలలా ఉందట. ముందున్న గాడిద తోక తప్ప ఏమీ కనబడలేదు. దారి సగమయ్యాక చెట్లు ఆగిపోయి, ఒక మొండి వాలు మొదలవుతుంది. గడ్డి కూడా లేని ఆ వాలు శత్రువు కొండకు ఎదురుగా, అరచేయి చాపినట్టు ఉంటుంది. అది దాటితేనే పోస్టు. సరిగ్గా అక్కడికి చేరేసరికి గాలి తిరిగింది. ఎవరో పొలిమేర దాకా సాగనంపి వెనక్కి మళ్ళినట్టు, పొగమంచు వాళ్ళను వదిలేసి లోయలోకి దిగిపోయింది. ఎండ పడింది. అంత అందమైన పొద్దు తాను మళ్ళీ చూడలేదని సదానందం అన్నాడు. అన్నాక ఒక బూతు కూడా అన్నాడు.

మొదటి గుండు వాలు మీద పడింది. వైర్‌లెస్ పలికింది. మేజరు గొంతే. పొగమంచు మాటు పోయింది, అందరూ వెనక్కి రండి. మళ్ళీ అన్నాడు. హవల్దార్ సదానందం, వెనక్కి రా. విన్నావా?

"ఇన్న సాబ్," అన్నాడు సదానందం.

అని, గాడిదలను, కూలీలను అందరినీ వెనక్కి మళ్ళించాడు. వాళ్ళ ప్రాణాల మీద ఆయనకు హక్కు లేదు. ఒక్క గాడిద తాడు మాత్రం తన చేతికి చుట్టుకున్నాడు. దాని యజమాని బషీర్ కదలలేదు.

"నువ్వు గూడ పో బషీర్ భాయ్."

"తాడియ్యి, పోతా. నా రాణి నీ మాట వినదు. నువ్వు గుంజితే తంతుంది. అవతలివాళ్ళ గుండు దాకా ఎందుకు, అదే నిన్ను చంపుతుంది."

"చంపనీ."

"నా గాడిద మీద హత్య కేసు ఎందుకు సాబ్? పద."

చలిరోజుల్లో పొద్దుపోక సదానందం ఈ బషీర్‌కు షెడ్డు సైగలు నేర్పి ఉన్నాడు. ఇప్పుడు అవే మిగిలాయి. గుండ్ల మోతలో మాట పనికిరాదు. బషీరు ముందు తాడు పట్టుకుని, సదానందం వెనక. చెయ్యి కిందికి జారితే నేలకు కరుచుకోవాలి. వేలు తిరిగితే లేచి పరుగెత్తాలి. సాంచెల మధ్య పెరిగిన చెవికి మోత మోతలా ఉండదు. మోతలో పడే సందు వినబడుతుంది. ఒక గుండుకూ ఇంకో గుండుకూ నడుమ, గుడ్డలో పోగు జారినప్పుడు కనబడే సన్నని వెలుతురులాంటి సందు. దాంట్లోంచి వాళ్ళు దూరారు.

"భయం కాలేదా?" అని అడిగాను.

"ప్యాంటు తడిసింది సారూ. గది గూడ రాయి. తడిసిన ప్యాంటుతోనే పోయిన."

వాలు సగం దాటాక మెషిన్‌గన్ మొదలైంది. రాణి మోకాళ్ళ మీద కూలబడింది, నమాజుకు వంగినట్టు. మళ్ళీ లేవలేదు. బషీరు దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. సదానందం వేలు తిప్పాడు. బషీరు చూడలేదు. మళ్ళీ తిప్పాడు. అప్పుడు బషీరు లేచి, శత్రువు కొండ వైపు తిరిగి, చొక్కా ఎత్తి ఛాతీ చూపించి, తన భాషలో ఏదో అరిచాడు. సదానందానికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తోడు ఉండాలి కదా అని తానూ లేచి తెలుగులో అందుకున్నాడు. మీ సాంచెలు కాల, మీ షెడ్లు కూల, నీళ్ళియ్యనీకి పోయేటోన్ని కొడుతరా, మీ మీసాలకు మన్నువడ!

"ఆ కొండమీద తెలుగు తిట్లు పడుడు గదే మొదలై ఉంటది," అంది వినోద. కడుగుతున్న పళ్ళెం చేతిలో అలాగే ఆగిపోయింది. ఈ కథ ఆమె ఎన్నిసార్లు విన్నదో. ఇక్కడికి వచ్చేసరికి ఆమె చేయి ఇప్పటికీ ఆగుతుంది.

క్యాన్లు విప్పి వీపులకు కట్టుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో, సదానందం వీపు చల్లగా తడిసింది. తూటా క్యాను అంచును చీల్చింది. ఎంతో కష్టపడి మోసుకొచ్చిన కిరోసిన్ మేజోళ్ళలోకి కారుతోంది. ఒక నిప్పురవ్వ పడితే ఆయన దివిటీ అవుతాడు. క్యాను వదిలేయవచ్చు. ఎవరూ ఏమనరు. ఆయన దాన్ని వీపు మీంచి దించి, బిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఎత్తుకుని, ఆ చిల్లులో బొటనవేలు దూర్చాడు. మిగిలిన వాలంతా అట్లాగే ఎక్కాడు. కిరోసిన్‌కు చర్మం పొక్కులెక్కి ఊడింది. ఆ వేలు మాత్రం తీయలేదు.

పోస్టు రాళ్ళగోడ మీంచి చేతులు చాచి వాళ్ళిద్దరినీ లోపలికి లాగారు. పొయ్యి వెలిగింది. మంచు పాత్రలో కూర్చుని మెల్లగా నీరయింది. కాళ్ళు నల్లబడుతున్న కుర్రవాడికి మొదటి కప్పు. నేగి తన వంతు తాగి, మూతి తుడుచుకుని, నిన్నెవడు రమ్మన్నాడు పిండీ, వైర్‌లెస్‌లో వెనక్కి రమ్మనడం నేను కూడా విన్నాను కదా, అన్నాడు.

"నువ్వే అప్పజెప్పితివి," అన్నాడు సదానందం, పిడికిలి ఛాతీకి పెట్టి చూపిస్తూ.

నేగికి గుర్తే లేదు. గుర్తు తెచ్చుకున్నాక నవ్వాడు. పగిలిన పెదవులనుంచి రక్తం వచ్చేంత నవ్వాడు. "నాకు చలి పెట్టింది రా పిచ్చోడా! చేతులు వెచ్చబెట్టుకున్నాను!"

"నీకు అది చలి," అన్నాడు సదానందం. "నాకు సాంచె."

కిందికి దిగాక విచారణ జరిగింది. మేజరు చెడ్డవాడు కాదు. ముందురోజు రాత్రే గుడారానికి పిలిపించి, దారి చూపించాడు. వైర్‌లెస్ పనిచేయలేదను. లేదా నువ్వు మగ్గాల షెడ్డులో పెరిగినవాడివి, నీకు చెవులు మందమని డాక్టరుతో రాయిస్తాను. అప్పుడు నీది తప్పు కాదు, సాహసం. నీకు పతకం ఇవ్వమని నేనే పైకి రాస్తాను.

మర్నాడు బల్లకు అవతల ముగ్గురు అధికారులు, ఇవతల నిలబడి సదానందం. ఆజ్ఞ వినపడిందా?

"ఇనవడ్డది సాబ్."

స్పష్టంగానా?

"మీరు ఇప్పుడు మాట్లాడినంత సాఫ్‌గ."

మరి?

"ఇన్న. ఇని పోయిన."

పతకం రాలేదు. తీవ్ర మందలింపు వచ్చింది. సుబేదారు వరుసలోకి ఎక్కాల్సిన పేరు అక్కడే ఆగిపోయింది. బషీర్‌కు గాడిద పోయినందుకు పరిహారం ఇప్పించడానికి మాత్రం ఆఫీసు వెంట ఆఫీసు తిరిగి కొట్లాడాడు. తన కోసం ఎక్కడా నోరు తెరవలేదు.

"నాకేమన్న తక్కువ చేసిండా ఈయన?" అంది వినోద నాతో, గొంతు తగ్గించకుండానే. ఆయన కుడి చెవికి ఇప్పుడు ఏదీ వినపడదు, ఎడమది కూడా సగమే. "ఒక్క ముక్క చెవిటోన్నంటే సుబేదారు పెళ్ళాన్ని అయ్యేదాన్ని. జీపెక్కి కూరగాయలకు పోయేదాన్ని. ఇగో, ఇక్కడ గిన్నెలు తోముతున్న. ఇప్పుడన్న ఒక పూట కుర్చీల కూసుందమంటే..."

ఆమెకు ఆ కుర్చీ కావాలి. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఇన్నేళ్ళ పొగకూ పొయ్యికీ ఒక పూట శాలువా నీడ.

షెడ్లలో పనివాళ్ళ షిఫ్టు మారింది. సందు ఒక నిమిషం మనుషులతో నిండి, ఖాళీ అయింది. ఫోను మోగింది.

సదానందానికి చెవుల వల్ల స్పీకరు పెట్టక తప్పదు. అందుకే ఆ సంభాషణ గిన్నెలతో సహా అందరం విన్నాం. కల్నల్ గొంతులో నిజమైన ప్రేమ ఉంది. సదానంద్, పుస్తకం అచ్చుకు పోతోంది, సరే అను, అన్నాడు హిందీలో.

"సాబ్, పేజీ వెయ్యిండ్రి. గా వాక్యం తీసెయ్యిండ్రి," అన్నాడు సదానందం తన హిందీలో, తన తెలుగులాగే.

"అది తీసేస్తే పేజీయే ఉండదు. ఆజ్ఞ మీరినవాణ్ణి పటాలం ఎట్లా పొగుడుతుంది? రేపు చదివే కుర్రాళ్ళు ఏం నేర్చుకుంటారు?"

"ఆజ్ఞ నా చెవుల పడకుండ పోతే గది సాహసం ఎట్లైతది సాబ్? తోవ తెల్వని ఎద్దు గూడ పోతది."

"నీకు మొండితనం తగ్గలేదు."

"నేనేం పొగడమంటలేను. పేజీ తీసెయ్యిండ్రి. అబద్ధంల నా పేరు కలపకుండ్రి."

కల్నల్ ఈసారి మెత్తగా, ఇంట్లో ఆమె ఉందా, ఆమెకు ఇవ్వు, ఆమె చెబితే వింటావు, అన్నాడు.

సదానందం ఫోను వినోద వైపు చాచాడు. ఆయన ముఖంలో మొదటిసారి భయం చూశాను. మొండి వాలు మీద ప్యాంటు తడిపిన దానికన్నా పెద్ద భయం. ఆమె సరేనంటే ఆయన కాదనలేడు. అది ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు, ఫోను అవతల కల్నలుకూ తెలుసు.

వినోద తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. ఫోను అందుకుంది. బయట సాంచెలు ఆడుతూనే ఉన్నాయి.

"నమస్తే సాబ్," అంది. ఆమె హిందీ బజారు హిందీ, సూరత్‌లో కూరగాయల బండ్ల దగ్గర నేర్చింది. "మా ఆయనకు ఇప్పుడు చెవులు వినపడవు సాబ్. నేను పిలిస్తే గూడ పలుకడు. ఇప్పుడు చెవిటోడని రాసుకుంటె రాసుకోండ్రి, నేను సంతకం పెడ్త. అప్పుడు మాత్రం చెవిటోడు గాదు."

ఫోను పెట్టేసి మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

సదానందానికి ఆమె అన్నది సరిగా వినపడలేదు. తల వంచి, ఎడమ చెవి ముందుకు తెచ్చి, ఏమన్నదని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన పొయ్యి వైపు తిరిగాడు.

"కుర్చీ పాయె గదనే," అన్నాడు ఆమెతో.

"నీ కుర్చీ నీ మీసాలల్ల వెట్టుకో," అంది ఆమె వెనక్కి తిరగకుండా. "బియ్యం నానవొయ్యాలె, లెవ్వు."

ఆయన లేచాడు. బియ్యం బస్తాను నడుముకు ఆనించి వంచాడు. గింజలు పెద్ద పాత్రలో సవ్వడి చేస్తూ పడ్డాయి. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. మీ గురించి రాస్తాను, పేరు మార్చమంటారా అని గట్టిగా, ఆయన ఎడమ చెవి దగ్గర అడిగాను.

"పేరెందుకు మారుస్తవ్ సారూ? బహాదుర్ అని మాత్రం రాయకు, గది వాళ్ళ మాట. వద్దన్న మాట చెవుల పడ్డంక పోయినోడని రాయి. ఎవనికన్న కోపమొస్తే, గోడాదరాకు రమ్మను. ముందుగాల అన్నం పెడ్త, తర్వాత కొట్లాడుదం."